పెట్టెలో ఏముందో మీరే రాయండి

(పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రుల కోసం కావలిలో ఏర్పాటైన సమావేశంలో, తపాలా శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరుసలో ఒక అక్క ఒడిలో డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. మెట్ల దగ్గరే నన్ను ఆపి, "ఇది డాలస్‌లో మా అబ్బాయికి పంపాలమ్మా, మీరు చెప్పేది విన్నాకే కొరియర్‌కి ఇస్తా" అన్నారు. అక్కా, ఆ డబ్బా అలాగే ఉంచండి. చివర్లో దాని దగ్గరికే వస్తాను.

నేను ముప్పై రెండేళ్లు తపాలా శాఖలో పనిచేశాను. కందుకూరులో మొదలుపెట్టాను, తర్వాత కావలి, నెల్లూరు, మళ్లీ కావలి. ఎక్కువ కాలం కౌంటర్లోనే. నేను చేరిన రోజుల్లో విదేశం అంటే నీలం రంగు ఏరోగ్రామ్. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లకు ఇక్కడి నుంచి ఉత్తరాలు పోయేవి, అక్కడి నుంచి వచ్చేవి. ఆ తర్వాత మన పిల్లలు చదువుకుని అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు వెళ్లడం మొదలైంది. ఉత్తరాలు ఫోన్లలోకి వెళ్లిపోయాయి. కౌంటరు మీదికి పెట్టెలు వచ్చాయి.

పెట్టె రాగానే నేను అడిగే మొదటి మాట, "ఏముందమ్మా ఇందులో?" చాలామంది చెప్పే జవాబు, "ఏముంటాయి తల్లీ, పిల్లలకి తినేవి."

ఆ జవాబులో అబద్ధం లేదు. కావలిలో ఆ మాట చాలు. వినగానే నాకు లోపల ఆవకాయ, కందిపొడి, జంతికలు, అరిసెలు కనిపిస్తాయి. కానీ ఆ పెట్టె న్యూయార్క్‌లోనో సిడ్నీలోనో ఒక ఉద్యోగి ముందుకు వెళ్తుంది. ఆయన ఆవకాయ ఎప్పుడూ చూసి ఉండడు. ఎర్రటి నూనెలో ముక్కలు తేలుతుంటాయి. అది మామిడికాయో మాంసమో ఆయనకు తెలియదు. అడగడానికి మనం పక్కన ఉండం. మన తరఫున అక్కడ మాట్లాడేది పెట్టె మీద అంటించిన చీటీ ఒక్కటే. నేను ఇవాళ వచ్చింది ఆ చీటీ గురించి చెప్పడానికే. కొరియర్లు, సుంకాలు, ఫైన్లు అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

పోస్టులో పంపేటప్పుడు ఆ చీటీకి రెండు రూపాలున్నాయి. చిన్న ప్యాకెట్లకు సీఎన్ 22, పెద్ద పార్శిళ్లకు సీఎన్ 23. ఏ దేశం పోస్టాఫీసుకు వెళ్లినా ఇవే ఫారాలు. దేశాల మధ్య ఉత్తరాలు ఒకే పద్ధతిలో నడవాలని 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో ఒక ఒప్పందం కుదిరింది. అలా సార్వత్రిక తపాలా సమాఖ్య పుట్టింది. మన దేశం 1876లోనే అందులో చేరింది. అందుకే కావలిలో నింపిన ఫారం చికాగోలో చెల్లుతుంది. ప్రైవేటు కొరియర్ వాళ్లు ఫారం బదులు ఇన్‌వాయిస్ అడుగుతారు. అందులోనూ రాయాల్సింది అదే. ఏమి వస్తువు, ఎన్ని, ఎంత బరువు, ఎంత విలువ, ఏ దేశంలో తయారైంది.

సీఎన్ 22 మీద ఒక వాక్యం అచ్చు వేసి ఉంటుంది. అధికారికంగా తెరవవచ్చు అని దాని అర్థం. చాలామంది ఆ వాక్యం చూడకుండానే సంతకం పెడతారు. దయచేసి దాన్ని చదవండి. మీ పెట్టెను తెరవడానికి మీరే అనుమతి ఇస్తున్నారు. తెరిచినవాళ్లు లోపల ఉన్నదాన్ని మీరు రాసినదానితో పోల్చి చూస్తారు. రెండూ కలిస్తే మూసి పంపేస్తారు. కలవకపోతే అక్కడి నుంచి కష్టం మొదలవుతుంది.

ఈ కష్టం నేను నా ఇంట్లో పడ్డాను. చెప్పడానికి బాధగానే ఉంటుంది, అయినా చెప్తాను.

మా అమ్మాయి ఇంగ్లండులో ఉంది. మనవరాలి మొదటి పుట్టినరోజుకి వెంకటగిరి వెళ్లి జరీ అంచు బట్ట తెచ్చి పట్టుపావడా కుట్టించాను. దాంతో పాటు మాగాయ, నెల్లూరు మలై కాజా, పాపకి వెండి మొలతాడు వద్దనుకుని ఒక చిన్న గౌను. అప్పటికి నేను రిటైరయ్యాను. మోకాళ్ల నొప్పి వల్ల బయటికి వెళ్లలేక, ఇంటికొచ్చి తీసుకెళ్లే ఒక కొరియర్ ఏజెంటును పిలిపించాను. ఆ అబ్బాయి మంచివాడే. "మీరేం టెన్షన్ పడొద్దు అత్తా, కాగితాలు నేను చూసుకుంటా" అన్నాడు. అతను చూపించిన చోట సంతకం చేశాను. ముప్పై రెండేళ్లు పక్కవాళ్ల ఫారాలు వరస వరసా చదివిన నేను, నాది చదవలేదు.

అతను రాసింది రెండు ముక్కలు. 'గిఫ్ట్ ఐటమ్స్'. విలువ చాలా తక్కువ వేశాడు. బ్రిటన్‌లో మనిషి నుంచి మనిషికి వెళ్లే బహుమతికి 39 పౌండ్ల దాకా పన్ను లేదు, ఆ లోపు ఉండేలా వేశాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. కానీ పావడా మడతలో బట్టల షాపు బిల్లు అలాగే ఉండిపోయింది. అక్కడ తెరిచి చూశారు. బిల్లు మీద ఒక అంకె, ఇన్‌వాయిస్ మీద ఇంకో అంకె. ఇక పెట్టెలో ప్రతిదాన్నీ అనుమానంగానే చూశారు. మలై కాజా పాలతో చేసినది. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం ఎవరి సొంత వాడకానికైనా బ్రిటన్‌లోకి రానివ్వరు. పోస్టులో పంపినా అంతే. దాన్ని తీసి నాశనం చేశారు. ఆ తీయడంలో మాగాయ ప్యాకెట్ చిరిగిందో, అంతకు ముందే కారిందో తెలియదు, నూనె పావడాకి పట్టింది. మూడు వారాల తర్వాత పన్నూ, దాని మీద కొరియర్ వాళ్ల ఫీజూ కట్టి మా అమ్మాయి పెట్టె తీసుకుంది. అప్పటికి పుట్టినరోజు అయిపోయింది. "అమ్మా, పావడా చాలా బాగుంది" అంది ఫోన్లో. మరక సంగతి ఆరు నెలల తర్వాత నేను వెళ్లినప్పుడు చూశాను.

ఆ ఏజెంటు అబ్బాయిని నేను ఏమీ అనలేదు. ఇన్‌వాయిస్ కింద సంతకం నాది. చట్టం దృష్టిలో ఆ మాటలు నేను చెప్పినవే. మీకూ అంతే. ఎవరు రాసినా సంతకం చేసినవాళ్లదే ఆ మాట. అందుకే రాసేది మీరే రాయండి. ఇంగ్లీషు రాకపోతే పక్కింటి పిల్ల చేత రాయించి, మీరు అడిగి తెలుసుకుని సంతకం పెట్టండి.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఏదో నాలుగు పొట్లాలు, ఇంత పట్టుదల ఎందుకు వాళ్లకి? కౌంటర్లో రోజూ ఎవరో ఒకరు కోపంగా అడిగేవాళ్లు. నేను వాళ్లకు నిమ్మతోటల సంగతి చెప్పేదాన్ని.

గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు మీ అందరికీ తెలుసు. మన దగ్గర నిమ్మరైతు చెట్టుకి తెగులు తగిలితే ఎంత అల్లాడతాడో కూడా తెలుసు. నిమ్మ, నారింజ జాతి చెట్లకు గ్రీనింగ్ అని ఒక తెగులు ఉంది. మందు లేదు. సిల్లిడ్ అనే చిన్న పురుగు దాన్ని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తుంది. ఆ పురుగుకి ఇష్టమైన ఇల్లు మన కరివేపాకు చెట్టు. నిమ్మా కరివేపా ఒకే కుటుంబం. అమెరికాలోని ఫ్లోరిడాలో 2005లో ఈ తెగులు బయటపడింది. తర్వాత అక్కడి నారింజ తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అందుకే అమెరికాలో పచ్చి కరివేపాకు రెమ్మ కనబడితే తీసేస్తారు. మనకి అది పులిహోరలో వేసే ఆకు. ఎవరో రైతుకి అది తన తోట పోయిన జ్ఞాపకం. పొదలకూరు రైతు అక్కడ ఉంటే ఆ ఆకును తనే తీయించేవాడు.

బియ్యం కూడా అంతే. మొలగొలుకులు మా అబ్బాయికి ప్రాణం, అయిదు కిలోలు పంపుతానని ఒక పెద్దాయన సంచి మోసుకొచ్చారు. ఖప్రా అని నిల్వ ధాన్యాన్ని తినే పురుగు ఒకటుంది. మన ఉపఖండంలో మామూలే. దాని పిల్లపురుగు తిండి లేకుండా కూడా చాలాకాలం సందుల్లో దాక్కుని బతుకుతుంది. గోదాములోకి దూరిందంటే వదిలించడం కష్టం. ఆ భయంతో 2011 నుంచి మన దేశం లాంటి చోట్ల నుంచి సామానులోగానీ పార్శిల్‌లోగానీ సొంతానికి బియ్యం తెచ్చుకోవడాన్ని అమెరికా ఆపేసింది. ఆ పెద్దాయన ఆ సంచి తిరిగి భుజాన వేసుకుని వెళ్లడం నాకు ఇంకా కళ్ల ముందు ఉంది. కానీ బుక్ చేసి ఉంటే ఆ బియ్యం అక్కడ పారేసేవాళ్లు, పంపిన ఖర్చూ పోయేది.

ఆస్ట్రేలియా వాళ్లు ఈ విషయంలో ఇంకా గట్టివాళ్లు. పాలతో చేసిన మన మిఠాయిలు పోనివ్వరు. విత్తనాలు పంపకూడదు. మన ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు పంపొచ్చు, కానీ బెరడు ఉండకూడదు, పురుగు తొలిచిన రంధ్రం ఉండకూడదు, బాగా ఎండినవై ఉండాలి. చీటీ మీద చెక్క అని రాయాలి. ఇంకో సంగతి, పెట్టె కూడా వాళ్లకు ముఖ్యమే. మనం ఇంట్లో ఉన్న మామిడిపండ్ల అట్టపెట్టెనో గుడ్ల అట్టనో వాడేస్తాం. గాజు పగలకుండా వరిగడ్డి కుక్కుతాం. అవి వద్దు. కొత్త అట్టపెట్టె కొనండి. కుక్కడానికి కాగితం చాలు.

మాంసం పచ్చళ్ల గురించి ఒక్క మాటలో చెప్తాను. కోడి, మటన్ పచ్చళ్లు మన ఇంట్లో చేసినవైనా షాపులో కొన్నవైనా అమెరికా, బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియా దేనికీ పంపకండి.

మరి ఆవకాయ? పంపొచ్చు. అమెరికాకి తినే పదార్థం ఏది వెళ్లినా ముందుగా అక్కడ ఆహారం, మందుల సంగతి చూసే ఎఫ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థకు తెలియజేయాలి. 2002లో వాళ్లు చేసుకున్న చట్టం అది. దాన్ని ప్రయర్ నోటీస్ అంటారు, ఆన్‌లైన్లో ఇస్తారు. కానీ ఆ చట్టంలో మనలాంటి అమ్మల కోసమే అన్నట్టు ఒక మినహాయింపు ఉంది. ఒక మనిషి తన ఇంట్లో తనే చేసి, ఇంకో మనిషికి బహుమతిగా తనే పంపితే ఆ నోటీసు అక్కర్లేదు. ఇంట్లో చేసిన ఆవకాయ మీద 'హోమ్‌మేడ్ మ్యాంగో పికిల్, గిఫ్ట్' అని రాయండి. షాపు సీసా అయితే మినహాయింపు లేదు, నోటీసు ఎవరు వేస్తున్నారో కొరియర్ వాళ్లను అడగండి. రెండూ ఒకే పెట్టెలో వేసి అన్నిటికీ హోమ్‌మేడ్ అని రాస్తే, కంపెనీ లేబుల్ ఉన్న సీసా బయటపడగానే మీరు చేసిన ఆవకాయ మీద కూడా నమ్మకం పోతుంది.

ప్యాకింగ్ గురించి అడుగుతున్నారు. ఆవకాయని గాజుసీసాలో పెట్టకండి. స్టీల్ డబ్బా మూత బిగుతుగా ఉందని నమ్మకండి. విమానం పైకి వెళ్లినప్పుడు లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది, డబ్బాలో మిగిలిన గాలి వ్యాకోచించి నూనెను మూత సందుల్లోంచి బయటికి తోస్తుంది. బిగించినది కారేది అందుకే. పైన తేరిన నూనె కాస్త వంచేసి, గాలి లేకుండా మందపాటి కవర్లో వేడి సీలు వేయించండి. దాని మీద ఇంకో కవర్, ఇంకో సీలు. బట్టలు పంపేటట్టయితే వేరే పెట్టెలో పంపండి. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం కాదు, మనవరాలి పావడా పోగొట్టుకుని నేర్చుకున్నది.

ఇప్పుడు డబ్బు సంగతి. అమెరికాకి పంపేవాళ్లు జాగ్రత్తగా వినండి, ఎందుకంటే పాత అలవాటు ఇప్పుడు పనికిరాదు.

2016 నుంచి 800 డాలర్ల లోపు విలువ ఉన్న పార్శిల్ అమెరికాలోకి సుంకం లేకుండా వెళ్లేది. 800 డాలర్లంటే మన ఇళ్ల నుంచి పోయే పెట్టెలన్నీ దాదాపు అందులోకే వచ్చేవి. అందుకే విలువ గడిలో ఏ అంకె వేసినా ఎవరూ పట్టించుకోలేదు. మనకీ నిర్లక్ష్యం అలవాటైంది. 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆ మినహాయింపు తీసేశారు. అదే నెలలో మన దేశపు సరుకు మీద ముందు 25 శాతం, 27వ తేదీ నుంచి ఇంకో 25 శాతం సుంకం పడింది. సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా కట్టాలో తేలక విమాన సంస్థలు తపాలా మోయలేమన్నాయి. ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ అమెరికా పార్శిళ్ల బుకింగ్ నిలిపేసింది. దసరాకి పంపాలనుకున్న పెట్టెలు ఎన్ని ఇళ్లలో మూలన ఉండిపోయాయో. అక్టోబర్ 15న మళ్లీ మొదలైంది. అయితే ఈసారి ప్రకటించిన విలువలో 50 శాతం సుంకాన్ని ఇక్కడే, బుకింగ్ అప్పుడే కట్టించుకున్నారు. అక్కడ పిల్లల చేతికి బిల్లు వెళ్లదు, మన చేతి నుంచే పోతుంది. ఆ తర్వాత కూడా ఈ సుంకాల మీద మార్పులు వస్తూనే ఉన్నాయి. కాబట్టి పోయిన నెల పక్కింటివాళ్లు ఎంత కట్టారని అడగొద్దు. మీరు పంపే రోజున కౌంటర్లో అడగండి.

ఒక్క దారి మిగిలింది. మనిషి నుంచి మనిషికి వెళ్లే నిజమైన బహుమతి 100 డాలర్ల లోపు ఉంటే సుంకం లేదు. మన లెక్కలో సుమారు తొమ్మిది వేల రూపాయలు. ఆవకాయ, పొడులు, వడియాలు పంపే తల్లికి ఇది చాలు. కొడుకూ కోడలూ ఇద్దరికీ విడివిడిగా బహుమతులు ఒకే పెట్టెలో పెడితే, దేని కవర్ దానికి వేసి, ఎవరి పేరు వాళ్లకు రాసి, ఎవరి విలువ వాళ్లకు వేయండి. ఒక్క ముద్దగా కట్టేస్తే ఒకరికే లెక్క వేస్తారు. మంచి వెంకటగిరి చీర ఒక్కటి వేస్తే మాత్రం 100 డాలర్లు సులువుగా దాటుతుంది. అది నిజమైన ధరకే రాసి, సుంకం కట్టి పంపండి, లేదా ఎవరైనా ఊరు వచ్చినప్పుడు ఇచ్చి పంపండి. తక్కువ రాస్తే మిగిలేది కొంచెమే. పార్శిల్ పోతే వాళ్లు ఇచ్చేది మీరు రాసిన విలువను బట్టే. పదివేల చీరకి వెయ్యి రాసి, పోయాక పదివేలు అడగలేరు.

సున్నా విలువ అని ఏదీ లేదు. "ఇవి అమ్మేవి కాదుగా" అని కొందరు విలువ గడి ఖాళీగా వదిలేస్తారు. పాత చొక్కాకి కూడా ఎంతో కొంత విలువ ఉంటుంది. రాయండి. వస్తువు పేరు పక్కన ఆరంకెల కోడ్ ఒకటి అడుగుతారు, దాన్ని హెచ్ఎస్ కోడ్ అంటారు. ప్రపంచమంతా ఒకటే. 50వ అధ్యాయం అంటే పట్టు, 52 అంటే నూలు. అది మీరు బట్టీ పట్టక్కర్లేదు, కౌంటర్లో చూసి వేస్తారు. కానీ చీర పట్టుదా నూలుదా అని మీరు చెబితేనే సరైనది వేస్తారు. ఇప్పుడు అమెరికా, యూరప్ దేశాలు ఈ వివరాలన్నీ పెట్టె బయల్దేరక ముందే కంప్యూటర్లో అడుగుతున్నాయి. చీటీ మీద తర్వాత దిద్దుకుందాం అంటే కుదరదు.

మిగతా దేశాల హద్దులు తొందరగా చెప్తాను. కెనడాకి బహుమతి అయితే 60 కెనడా డాలర్ల దాకా, బ్రిటన్‌కి 39 పౌండ్లు, యూరప్ దేశాలకి 45 యూరోలు. ఆస్ట్రేలియాకి 1000 ఆస్ట్రేలియా డాలర్ల దాకా సుంకం గొడవ ఉండదు, అక్కడ గొడవంతా ఇందాక చెప్పిన పురుగూ పుట్రా గురించే.

కొరియర్ షాపుల గురించి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఇప్పుడు సందుకొకటి ఉంది. వాటిలో చాలావరకు ఏజెంట్లు. వాళ్లు మీ పెట్టె తీసుకుని హైదరాబాద్‌కో చెన్నైకో పంపి, అక్కడ వేరే పెద్ద కంపెనీకి అప్పగిస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ మీ చేతిలో ఉన్న రసీదు నెంబరు ఆ షాపుది. అది అమెరికాలో పనిచేయదు. పెద్ద కంపెనీ నెంబరు, అంటే ఎయిర్‌వే బిల్లు నెంబరు, రెండు రోజుల్లో అడిగి తీసుకోండి. ఇన్‌వాయిస్ కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. సుంకం ఇక్కడ కడుతున్నారా, అక్కడ పిల్లలు కట్టాలా అన్నది రాయించుకోండి. నోటిమాటగా "అంతా కలిపే" అంటే నమ్మొద్దు. అక్కడ పిల్లలు కట్టేటట్టయితే సుంకంతో పాటు, తాము ముందు కట్టినందుకు కొరియర్ వాళ్లు వేరే ఫీజు వేస్తారు. ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పండి, లేకపోతే వాళ్లు మోసమనుకుని పెట్టె వద్దంటారు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు జిరాక్స్ అడుగుతారు, అది నిబంధనే. ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా 'పార్శిల్ కోసం' అని రాసి తేదీ వేసి ఇవ్వండి.

బరువు దగ్గర చాలామంది అయోమయపడతారు. కాటా మీద అయిదు కిలోలుంటే పదమూడు కిలోలకి డబ్బు అడిగారని ఒక తమ్ముడు తగాదా పడ్డాడు. వడియాలు, అప్పడాలు, జంతికలు తేలికే, కానీ చోటు తింటాయి. విమానంలో చోటుకే ధర. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఆ తమ్ముడి పెట్టె మూడు వైపులా 40. గుణిస్తే 64,000. భాగిస్తే 12.8. అసలు బరువు, ఈ లెక్క, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. ఇంట్లోనే టేపు పెట్టి కొలుచుకుని, చిన్న పెట్టెలోకి మార్చుకుంటే ఖర్చు తగ్గుతుంది.

పూజ సామాను పంపేవాళ్లకి ఒక మాట. కర్పూరం పెట్టకండి. అది త్వరగా అంటుకునే పదార్థం, విమానంలో ప్రమాదకర సరుకు కింద లెక్క. అగ్గిపెట్టె, సెంటు, విడిగా ఉన్న పవర్ బ్యాంకు కూడా వద్దు. కవర్లో ఆశీర్వాదంగా నూటపదహార్లు పెట్టే అలవాటు మనకుంది. విదేశీ తపాలాలో నోట్లు పెట్టకూడదు. ఆ డబ్బు వేరే పంపండి. మందులు కూడా పార్శిల్‌లో వద్దు. పిల్లలు వెళ్లేటప్పుడే డాక్టరు చీటీతో సహా వెంట ఇవ్వండి.

ఇప్పుడు గల్ఫ్‌లో పిల్లలున్నవాళ్లు. ఇక్కడ చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

ఒకసారి ఉదయగిరి వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. కొడుకు దుబాయ్‌లో డ్రైవరు. బక్రీదుకి కుర్మా మసాలా ఇంట్లో దంచి తెచ్చింది. ఏమేం వేశావమ్మా అని ఊరికే అడిగాను. ధనియాలు, చెక్క, లవంగం, గసగసాలు అంది. నా గుండె ఝల్లుమంది. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. మనకి వంటదినుసు. యూఏఈ, సౌదీ, ఖతార్‌లో అది మత్తుమందు కింద లెక్క, సింగపూర్‌లో కూడా నిషేధం. అక్కడ సుంకం కట్టి బయటపడే తప్పు కాదు, జైలు. ఆ తల్లికి చెప్పగానే కౌంటరు ముందే కూర్చుండిపోయింది. ప్యాకెట్ నేను తీసుకోలేదు. ఆమె ఇంటికెళ్లి గసగసాలు లేకుండా మళ్లీ దంచి తెచ్చింది. ఈ సభలో నా మాటల్లో ఒక్కటే గుర్తుంటుందంటే అది ఇదే ఉండాలి. గల్ఫ్‌కి వెళ్లే మసాలాలో, మిఠాయిలో గసగసాలు వద్దు. నొప్పి మాత్రలు కూడా కొన్నింటికి అక్కడ ముందే అనుమతి కావాలి.

మీ పిల్లలు ఊరొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఎవరో ప్యాకెట్ తెచ్చి, "మా వాడికి ఇవ్వు నాయనా" అంటారు. మొహమాటం ఉంటుంది. ఒకే ఊరివాళ్లం, కాదనలేం. అయినా విప్పి చూడండి. విప్పనివ్వకపోతే తీసుకోవద్దు. ఎయిర్‌పోర్టులో ఆ ప్యాకెట్ ఎవరి సంచిలో ఉంటే వాళ్లదే.

అటు నుంచి ఇటు వచ్చేవాటి గురించి కూడా ఒక మాట. పిల్లలు మనకి ఫోనో వాచీనో గిఫ్ట్ అని పంపితే పన్ను లేకుండా వచ్చే రోజులు పోయాయి. 2019 డిసెంబర్ నుంచి ఆ వెసులుబాటు రాఖీలకు, ప్రాణాలు నిలిపే మందులకు మాత్రమే మిగిలింది. మిగతావాటికి సుంకం కట్టాలి.

ఈ సుంకం అనే మాట అడ్డం పెట్టుకుని మోసాలు చేసేవాళ్లు ఎక్కువయ్యారు. మన వయసువాళ్లకే ఫోన్లు వస్తున్నాయి. "మీ పేరున వెళ్తున్న పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మీ ఆధార్ నెంబరు ఇది, పోలీసుకి కలుపుతున్నాం" అంటారు. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్నవాడు కనిపిస్తాడు. డిజిటల్ అరెస్టు అంటాడు, గదిలోంచి కదలొద్దంటాడు, ఎవరికీ చెప్పొద్దంటాడు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధానమంత్రి రేడియోలో కూడా ఈ సంగతి చెప్పారు. ఇంకొకరు విదేశంలో స్నేహితుడి నుంచి బహుమతి వచ్చింది, కస్టమ్స్ డబ్బు ఈ ఖాతాలో వేయండి అంటారు. కస్టమ్స్ వాళ్లు ఫోన్ చేసి ఒక మనిషి సొంత ఖాతాలో డబ్బు వేయమని అడగరు. వాళ్ల దగ్గర నుంచి వచ్చే కాగితం మీద 2019 నవంబర్ నుంచి ఒక గుర్తింపు నెంబరు ఉంటుంది. అది నిజమో కాదో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేయండి. ఒకవేళ డబ్బు వేసేసి ఉంటే సిగ్గుపడి దాచకండి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నెంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆగే వీలు అంత ఎక్కువ. నా తోటి పెన్షనర్ ఒకాయన భార్యకి కూడా చెప్పకుండా నాలుగు రోజులు లోపలే కుమిలిపోయారు. అంతలో డబ్బు దాటిపోయింది. ఆయన తప్పేమీ లేదు. భయపడ్డారు, అంతే.

ఇంక నేను చెప్పేది అయిపోయింది. సీఎన్ 23 ఫారాలు కొన్ని తెచ్చాను. అక్కా, మీ డబ్బా ఇటు తీసుకురండి. తమ్ముడూ, ఆ టేబుల్ కొంచెం ముందుకు జరుపు. అందరికీ కనిపించాలి.

చెప్పండక్కా, మొదట ఏముంది? ఆవకాయ. కొత్తదేనా? ఈ ఏడాది కాయలే. ఎంత, కిలోనా? కిలోన్నర. సరే, 'హోమ్‌మేడ్ మ్యాంగో పికిల్, ఒకటిన్నర కిలో'. విలువ? లేదక్కా, ఇంట్లో చేసినదానికి వెల కట్టకూడదు అనుకోవద్దు. ఇదే ఆవకాయ ఇక్కడ షాపులో కొంటే ఎంతవుతుందో అది రాద్దాం. రాశాను. దాని కింద కందిపొడి, అరకిలో. వెల్లుల్లి వేశారా? సరే. ఆ మూలన ఉన్న చిన్న పొట్లం ఏంటి?

కరివేపాకు. పెరట్లోదే కదా, ఆకులు నిగనిగలాడుతున్నాయి. అక్కా, అది మాత్రం తీసేద్దాం. ఇందాక నిమ్మతోటల సంగతి విన్నారు కదా. బాబుకి నేను చెప్పానని చెప్పండి. ఇలా ఇవ్వండి, పక్కన పెడతాను.

ఇంకా ఏముందక్కా?